మేట్రనవ్వ బీగాల చెక్క: మిగిలిన ఈ ఏడు చెవులు ఎవరివో చెప్పండి

హంద్రీగట్టు | ఆదివారం, రాత్రి 8:12

కర్నూలు వన్‌టౌన్ వాళ్లు, అక్కడ పెరిగి ఇప్పుడు వేరే ఊళ్లలో ఉన్నవాళ్లు ఒకసారి చూడండి. మా వీధి చివర, నది వైపు సందులో ఉండే మేట్రనవ్వ (ఒకప్పుడు ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్) మొన్న బుధవారం చనిపోయింది. చర్చి రిజిస్టరు ప్రకారం 84 ఏళ్లు. రాత్రి అన్నం తిని, గిన్నె కడిగి బోర్లించి పడుకుంది, అంతే. గురువారం సాయంత్రం భూస్థాపన అయింది. ఈ రోజు ఆరాధన తర్వాత ఇంటి దగ్గర ఆదరణ కూడిక కూడా జరిగింది.

ఇప్పుడు పని మాట. ఆమె ఇంట్లో తలుపు వెనక గోడకు ఒక చెక్క ఉంది. మా వీధిలో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వరసకు నాలుగు చొప్పున ఆరు వరసలు, మొత్తం 24 మేకులు. ఊరికి పోయినా, డ్యూటీకి పోయినా, పెళ్లికి పోయినా అందరూ బీగం వేసి చెవి తెచ్చి ఆ మేకుకు తగిలించి పోయేవాళ్లు. ఈ రోజు కూడికకు వచ్చినవాళ్లు ఎవరివి వాళ్లు తీసుకున్నారు. ఏడు మిగిలాయి. ఇల్లు అద్దెది, నెలాఖరుకు ఖాళీ చేసి ఇవ్వాలి. ఓనరుగారు ఇంటి రెండో చెవి కూడా అడుగుతున్నారు. అది ఎక్కడ పెట్టిందో ఇంకా దొరకలేదు, ఆ టెన్షన్ వేరే.

అవ్వ చెవుల మీద పేర్లు రాసేది కాదు. పేరు రాస్తే దొంగకు అడ్రసు రాసిచ్చినట్టే అనేది. ఒక్కో ఇంటికి ఒక్కో గుడ్డ పీలిక కట్టేది, ఆ లెక్కంతా ఆమె తలలో ఉండేది. మిగిలిన ఏడింటికి ఉన్న గుడ్డలు చెప్తున్నాను: తెల్ల చుక్కల పచ్చ వాయిల్. నీలం స్కూలు యూనిఫాం గుడ్డ (రెండు చెవులు ఒకే పీలికకు, లెక్కకు ఒకటే). ఖాకీ. తెల్ల అల్లిక అంచున్న నల్ల గుడ్డ. పట్టుచీర జరీ అంచు. ఎర్ర ఫ్లానెల్. ఏడోదానికి గుడ్డ లేదు, జానెడు పొడవున్న ఇనుప చెవి, తుప్పు పట్టింది.

నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 8:30

మేట్రనవ్వకు నివాళి. ఒక చిన్న మాట: ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ రాయకండి. ఇవి ఇళ్ల తాళాలు, పది మంది చదివే చోటు ఇది. "నాదే" అంటే సరిపోదు. ఆ గుడ్డ ఎక్కడిదో, చెవి అక్కడికి ఎట్లా చేరిందో చెప్పిన వాళ్లకే ఇవ్వమని హంద్రీగట్టు గారికి నా సలహా.

హంద్రీగట్టు | ఆదివారం, రాత్రి 8:41

మంచి మాట. అట్లే చేద్దాం.

గోదారొడ్డు | ఆదివారం, రాత్రి 8:55

బీగం అంటే తాళమాండీ? మా రాజమండ్రిలో తాళం, తాళంచెవి అంటాం.

పాతకర్నూలోడు | ఆదివారం, రాత్రి 9:02

అవును సార్. మాకు ఇంటికి వేసేది బీగం, భజనలో వేసేది తాళం. అవ్వ రెండూ బాగా వేసేది. చర్చిలో ముందు వరస ఆడవాళ్లలో తాళాలు ఆమె చేతిలోనే ఉండేవి. పాట ఎవరైనా సాగదీస్తే తాళంతోనే వాళ్లను దారికి తెచ్చేది.

పదమూడో ఎక్కం | ఆదివారం, రాత్రి 9:20

నీలం గుడ్డ నాది. ఈ పేరు పెట్టుకున్నదే ఆమె వల్ల.

అమ్మానాన్న ఇద్దరూ ఉద్యోగులు. మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా, బడి నుంచి నాలుగున్నరకు వచ్చి అవ్వ దగ్గర చెవి తీసుకునేవాణ్ని. ఊరికే ఇచ్చేది కాదు. చర్చి మనిషి గదా, పిల్లోడితో వాక్యాలు అప్పజెప్పించుకుంటోందేమోనని నాన్నకు అనుమానం. ఒక రోజు నా వెనకే వచ్చి గోడ పక్కన నిలబడి విన్నాడట. నేను పదమూడో ఎక్కం చదువుతున్నా. పదమూడేళ్లు దగ్గర ఆగిపోయా. ఆగితే చెవి రాదు. బొరుగులు మాత్రం వచ్చేవి, అవి తింటూ మళ్లీ మొదటి నుంచి చదవాలి. నాన్న ఇంటికొచ్చి ఏమీ అనలేదు. మరుసటి నెలలో పద్నాలుగో ఎక్కం కూడా చెప్పించమని అమ్మతో కబురు పెట్టాడు.

గుడ్డ నా చిరిగిన నిక్కరుది. పెద్ద చెవి ఇంటిది, చిన్నది మా బీరువా లాకరుది. అది అక్కడ ఉందని నాన్నకు తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది, ఏం చేస్తాం.

హంద్రీగట్టు | ఆదివారం, రాత్రి 9:31

నీలం అయిపోయింది. మీరు నిక్కరు అనగానే అమ్మ నవ్వింది. ఆ నిక్కరు కుట్టిందీ అవ్వే అంట.

డిపో వెనక వీధి | ఆదివారం, రాత్రి 9:50

ఖాకీ మాది. మా నాన్న ఆర్టీసీ కండక్టరు, బెంగళూరు నైట్ సర్వీసు. తెల్లవారి దిగేసరికి అమ్మ పనికి వెళ్లిపోయేది. గుడ్డ నాన్న యూనిఫాం జేబుది. రిటైరైన రోజు ఆ చొక్కా అవ్వకే ఇచ్చేశాడు, మసిగుడ్డలు చేసుకోమని. ఆమె చెయ్యలేదు, ఉతికి పెట్టెలో పెట్టుకుంది. నాన్న ఇప్పుడు లేడు. రేపు వచ్చి తీసుకుంటా.

కువైట్ భాయ్ | సోమవారం, తెల్లవారుజాము 3:48

నల్ల గుడ్డ మాది అన్నా. మా అమ్మీ బురఖా అంచు. ఆ తెల్ల అల్లిక అవ్వ వేసింది.

బీగం వేసుకుని పోయే ఇల్లు కాదు మాది. అమ్మీ ఎప్పుడూ ఇంట్లోనే ఉండేది. మరి చెవి అక్కడెందుకంటే, అమ్మీకి చెవుడు. అబ్బా లారీ మీద పోతే వారం పది రోజులు రాడు, మేం ముగ్గురం చిన్నపిల్లలం. రంజాన్ నెలలో సహరీకి లేపేవాళ్లు లేరు. మసీదు మైకు పక్కనే ఉన్నా అమ్మీకి వినపడదు, మాకు మెలకువ రాదు. రెండు మూడు రోజులు ఏమీ తినకుండానే అమ్మీ రోజా ఉంది. అవ్వకు తెలిసి చెవి అడిగి తీసుకుంది. ఆమె ఎట్లాగూ నాలుగు కొట్టకముందే లేచి ప్రార్థన చేసుకునేది. ఆ నెలంతా ముందు మా తలుపు తీసి, అమ్మీ భుజం తట్టి లేపి, పొయ్యి అంటించి, తలుపు మళ్లీ బయట నుంచి వేసుకుని పోయి తన మోకాళ్ల ప్రార్థన చేసుకునేది. ఎనిమిదేళ్లు ఇట్లే.

నేను ఇక్కడ కువైట్‌లో అలారం పెట్టుకుంటా. ఇప్పుడు కూడా అది మోగేముందే లేస్తా. అవ్వ చెయ్యి చల్లగా ఉండేది, అది తగులుతుందేమోనని భయం.

అమ్మీ కూడా పోయి నాలుగేళ్లయింది. ఆ ఇల్లు అమ్మేశాం. చెవి పనికిరాదు, కానీ పారెయ్యొద్దు. మా చిన్నతమ్ముడు వచ్చి తీసుకుంటాడు.

హంద్రీగట్టు | సోమవారం, ఉదయం 7:05

భాయ్, మీ తమ్ముడు గురువారం భుజం పట్టినవాళ్లలో ఉన్నాడు. ఆయనకే ఇస్తాను.

రాయలసీమ రుచులు | సోమవారం, ఉదయం 9:15

నాకు చెవులేమీ లేవు గానీ ఒక మాట. క్రిస్మస్‌కు అవ్వ పంపే పళ్లెంలో కజ్జికాయలు, నిప్పట్లు, ఒక ఓళిగ ఉండేవి. కేకు ముక్క పైన వేరే కాగితంలో చుట్టి ఉండేది, గుడ్డు తినని ఇళ్ల వాళ్లు తీసి పక్కన పెట్టుకోడానికి. పళ్లెం తిరిగి ఖాళీగా ఇస్తే మాత్రం తీసుకునేది కాదు. చిటికెడు చక్కెరైనా వేసి ఇవ్వాలి. నిప్పట్లలో ఆమె చెనిక్కాయ పప్పు మోతాదు మించి వేసేది, పంటికింద రాళ్లలా తగిలేవి. ఇన్నాళ్లూ ఎవరూ ఆమెతో అనలేదు. ఇప్పుడంటున్నా.

తుంగభద్ర తీరం | సోమవారం, మధ్యాహ్నం 1:40

జరీ అంచు మాది. చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను.

మా నానమ్మ మడి మనిషి. మేట్రనవ్వను మా అరుగు దాటి లోపలికి రానిచ్చేది కాదు. కానీ మేం తిరుపతికో మంత్రాలయానికో పోతే ఇంటి చెవి ఆమెకే ఇచ్చేది. అంటే మేం లేనప్పుడు ఇల్లంతా ఆమె చేతిలో. మేం ఉన్నప్పుడు ఆమె అరుగు మీదే. చిన్నప్పుడు నాకు ఇందులో తిరకాసేమీ కనపడలేదు. నానమ్మ చెవి ఇచ్చింది గానీ గ్లాసు ఎప్పుడూ ఇవ్వలేదు.

2009 అక్టోబరు 2, కర్నూలు వరద రోజు. నాకు పన్నెండేళ్లు. వీధిలో మాదొక్కటే రెండంతస్తుల మిద్దె, అందరూ మా పైకి వచ్చారు. అవ్వ వచ్చినప్పుడు చేతుల్లో తన బట్టల మూట లేదు. ఒక చంకలో బీగాల చెక్క, ఇంకో చంకలో బియ్యం డబ్బా, వెనకాల ఎవరో పిల్లోడు మోస్తూ నీళ్ల క్యాను. ముప్పై మంది దాకా ఉన్నాం. నాన్న కిరోసిన్ స్టవ్ పైకి మోసుకొచ్చాడు. అవ్వ బియ్యంతోనే అందరికీ గంజి కాచారు. నానమ్మ తాగలేదు, రెండు అరటిపళ్లు తిని కూర్చుంది. కరెంటు లేదు, ట్యాంకులో నీళ్లు రాత్రికే అయిపోయాయి. చుట్టూ నది, తాగడానికి మాత్రం ఆ క్యాను ఒక్కటే.

శనివారం పొద్దున నానమ్మ తనంతట తానే అడిగింది, "మేట్రనూ, నీళ్లుంటే పొయ్యి" అని. తన రాగి చెంబు ముందుకు పెట్టింది. అవ్వ క్యాను ఎత్తి, చెంబుకు తగలకుండా బాగా పైనుంచి పోసింది. ఎవరూ చెప్పలేదు అట్లా పొయ్యమని. ఒక్క చుక్క కింద పడలేదు. చూస్తూ నాకు సిగ్గేసింది.

డిగ్రీలో ఉన్నప్పుడు ఒకసారి అడిగాను, అవ్వా నీకు కోపం రాలేదా అని. "దాహం ఆమెది పాపా. గ్లాసు గొడవ అప్పుడా?" అంది.

గుడ్డ మాత్రం నానమ్మదే. వరద తర్వాత తన పెళ్లిపట్టుచీర బురదలో పాడైతే, మిగిలిన అంచు కోసి తనే ఇచ్చింది. అప్పటికి కూడా గ్లాసు ఇవ్వలేదు.

పాతకర్నూలోడు | సోమవారం, మధ్యాహ్నం 2:25

ఆ రోజు చూడనివాళ్ల కోసం రాస్తున్నా. పైన సుంకేశుల మీదుగా తుంగభద్ర, ఇటు హంద్రీ, రెండూ ఒకేసారి పొంగాయి. కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చిందన్నారు, ఆ డ్యాం అంత నీటికి కట్టింది కాదు. ఊరు మధ్యలో ఉన్నవాడికి నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో కూడా అర్థం కాలేదు.

నీళ్లు దిగాక అసలు కష్టం బురద. బీగాలన్నీ బురద పట్టి బిగుసుకుపోయాయి. చెవి ఉన్నా తిరగదు. అవ్వ చెక్క చంకన పెట్టుకుని, ఒక సీసాలో కిరసనాయిలు, ఒక కోడి ఈక పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. ఈకను ముంచి బీగంలో తిప్పి, ఓపిగ్గా నాలుగైదుసార్లు చెవి ఆడించి తీసేది. జనం సుత్తులతో పగలగొట్టబోతుంటే అరిచేది, "పగలగొడితే రేపు రాత్రికి ఏం వేసుకుంటారయ్యా" అని. నిజమే, ఆ వారమంతా దొంగల భయం. ఆమె ఇల్లు మాత్రం చివరికి కడిగారు, అదీ మా పిల్లలు పోతే.

హాస్టల్ 1987 | సోమవారం, సాయంత్రం 6:10

నేను వీధి మనిషిని కాదు. ఆమె మేట్రన్‌గా ఉన్న ఆడపిల్లల హాస్టల్లో ఐదేళ్లు ఉన్నాను. తుంగభద్ర తీరం గారూ, మీరు నిజాయితీగా రాశారు, కాదనను. కానీ చదివినవాళ్లందరూ ఇప్పుడు అయ్యో ఎంత ఓర్పు అంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు.

మీతో "దాహం ఆమెది" అంది. వరద అయ్యాక చూడ్డానికి పోతే మాతో వేరే మాట చెప్పింది. "పైనుంచి పోసి పోసి చెయ్యి నొప్పి పుట్టిందే. క్యాను బరువుకు కాదు." తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఆమెకు కోపం లేదని మాత్రం ఎవరూ రాయకండి. ఉంది. దాన్ని ఎప్పుడు, ఎవరి ముందు బయట పెట్టాలో ఆమె తేల్చుకునేది.

ఆ బియ్యం సంగతి కూడా చెప్పాలి. మా స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం అని ఉంటుంది. ప్రతి పూటా ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. నెలకోసారి చర్చికి తెస్తాం, అది లేనివాళ్లకు పోతుంది. అవ్వ దాని లెక్క చూసేది. మిద్దె మీదికి తెచ్చింది ఆ డబ్బా. ఆ రోజు మీరంతా తాగిన గంజి మాలమాదిగ ఆడవాళ్లు తమ తిండిలోంచి తీసిన పిడికిళ్లు. అవ్వ తర్వాత తన పింఛనుతో కొని అంతే కొలత డబ్బాలో పోసి లెక్క సరిచేసింది. నేను అక్కడే ఉన్నాను, శేరుతో కొలిచింది.

తుంగభద్ర తీరం | సోమవారం, సాయంత్రం 6:48

అక్కా, చదివాను. ఆ బియ్యం ఎక్కడివో మాకు ఈ రోజు దాకా తెలియదు. నేను రాసింది తీసెయ్యను. దాని కింద మీరు రాసింది కూడా ఉండాలి.

క్యాంపు కుర్రాడు | సోమవారం, రాత్రి 8:00

ఆమె సొంత ఊరు ఏది? మా తాత 1953లో కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసుతో పాటు వచ్చాడు, గుడారంలో ఉన్నాడు. సి క్యాంపు, బి క్యాంపు పేర్లన్నీ అప్పటివే. ఆ గుడారాల దగ్గర మజ్జిగ అమ్మిన ఒక చిన్నపిల్ల తర్వాత మేట్రన్ అయిందని తాత అనేవాడు. ఈమేనా?

హాస్టల్ 1987 | సోమవారం, రాత్రి 8:22

మజ్జిగ కాదు, విస్తర్లు. వాళ్లమ్మ కుట్టేది, ఈమె అమ్మేది. వాళ్లది కంభం దిక్కు. వాళ్ల ముత్తాత క్లౌ దొరగారి రోజుల్లో బాప్తిస్మం తీసుకున్నాడని చెప్పేది. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు గదా. "ఆ లెక్కలో మావాడున్నాడో, మర్నాడు వరసలో నిలబడ్డాడో దేవుడికి తెలుసు" అని నవ్వేది.

చరిత్ర పిచ్చి | సోమవారం, రాత్రి 8:40

క్లౌ ఒంగోలు మిషనరీ అండీ. కర్నూలుకు ఏం సంబంధం?

పాతకర్నూలోడు | సోమవారం, రాత్రి 8:52

కంభం, మార్కాపురం 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి సామీ. ప్రకాశం అనే పేరు తర్వాత పెట్టారు. ఆ ప్రాంతం వాళ్లకు పెద్దాసుపత్రి అన్నా కలెక్టరాఫీసన్నా కర్నూలే. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ పని క్లౌ కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. ఆ కూలికి నడిచిపోయినవాళ్లలో ఆ పక్క ఊళ్ల వాళ్లూ ఉన్నారు. కూటికోసం చేరారని ఇప్పటికీ ఎగతాళి చేసేవాళ్లున్నారు. నిజానికి కరువు పని జరిగినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు.

సెకండ్ షో | సోమవారం, రాత్రి 11:37

అందరూ మంచిగా రాస్తున్నారు. నాకు ఆమె మీద కోపం ఉంది, అది కూడా రాసుకుంటా.

ఎర్ర ఫ్లానెల్ మాది. నేను పుట్టినప్పుడు ఆసుపత్రిలో చుట్టిన గుడ్డ అంట, మా అమ్మ ఇచ్చింది. నాకు ఇరవై రెండేళ్లు అప్పుడు. సెకండ్ షో చూసి, చూసి మాత్రమే కాదు, ఇంకా కొన్ని పనులు చేసి ఒంటిగంటకు వచ్చా. అమ్మ ఊళ్లో లేదు. అవ్వ తలుపు కొట్టా. కిటికీలోంచి నా మొహం చూసింది. "చెవి ఇయ్యను. మీ అమ్మ ఇయ్యొద్దంది" అంది. నా ఇంటికి నేను పోవడానికి ఈమె ఎవరు అని వీధంతా లేచేలా అరిచా. అనరాని మాటలన్నా, కులం పేరుతో సహా. కిటికీ మూసింది.

అరుగు మీద పడుకున్నా. తెల్లారి చూస్తే మీద దుప్పటి ఉంది, తల దగ్గర దోమల బత్తి అంటించి ఉంది, చెంబుతో నీళ్లున్నాయి. చెవి మాత్రం లేదు. మధ్యాహ్నం అమ్మ బస్సు దిగి వచ్చేదాకా లేదు.

తర్వాత తెలిసింది. ఇంట్లో అక్క పెళ్లికి తెచ్చిన డబ్బుంది. నాకు ఆ సంగతి తెలియదని అమ్మ అనుకుంది. నాకు తెలుసు.

పదమూడో ఎక్కం | సోమవారం, రాత్రి 11:52

అన్నా, ఇంతకీ ఆ కోపం ఎవరి మీద?

సెకండ్ షో | మంగళవారం, రాత్రి 12:04

నిద్రపో తమ్ముడూ.

హంద్రీగట్టు | మంగళవారం, ఉదయం 10:30

పచ్చ వాయిల్, ఇనుప చెవి రెండే మిగిలాయి. ఇనుపదాన్ని చర్చి పాత బీరువాకు, గంట గదికి పెట్టి చూశాం, పట్టలేదు.

గోదారొడ్డు | మంగళవారం, ఉదయం 10:44

కొండారెడ్డి బురుజుదేమో. సొరంగం గద్వాల దాకా ఉందంటారుగా, దాని తలుపుది అయ్యుంటుంది.

హాస్టల్ 1987 | మంగళవారం, ఉదయం 11:20

నవ్వులాటకు కాదు గానీ, అది హాస్టల్ స్టోరు రూము పాత తాళంది కావచ్చు. బియ్యం, కందిపప్పు, కిరోసిన్ ఉండే గది. ఆమె నడుముకు ఒక పెద్ద చెవి వేలాడేది, నడిస్తే చప్పుడు. ఆ చప్పుడు వింటే మేం లైట్లు ఆర్పి పడుకునేవాళ్లం. ఒకసారి పైవాళ్లు ఎవరో స్టోరు లెక్కలో రెండు బస్తాలు ఎక్కువ రాయమన్నారు. ఆమె చెవి బల్ల మీద పెట్టి, "ఇదిగో, మీరే ఉంచుకోండి, లెక్క కూడా మీరే రాసుకోండి" అంది. రెండు వారాలు ఆ గది ఎవరూ తీయలేకపోయారు. ఆ తాళం తీసే ఒడుపు ఆమెకే తెలుసు మరి. చివరికి బతిమాలి పిలిచారు. ఆ భవనం ఇప్పుడు లేదు, కొట్టేశారు.

కొత్త సభ్యురాలు | మంగళవారం, రాత్రి 9:15

నేను ఆమె కూతుర్ని. బెంగళూరులో ఉంటాను. మా అబ్బాయి ఇది చూపించాడు. అన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు.

వీధిలో అందరి చెవులూ అమ్మ దగ్గర ఉన్నాయి. మా ఇద్దరి మధ్య మాత్రం చాలా ఏళ్లు తలుపు పడిపోయింది. కారణం చెప్తాను, ఎవరికీ తెలియదు కాబట్టి. ఇంటర్ అయ్యాక నాకు మంచి మార్కులొచ్చాయి. మా బంధువుల పిల్లలందరూ బడిలో హిందూ పేరు, ఎస్సీ సర్టిఫికెట్టుతో చదివారు, ఆదివారం చర్చికొచ్చారు. వాళ్లను తప్పుపట్టను. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులమని రాస్తే ఎస్సీ కాము. ఇక్కడ బీసీ-సీ అవుతాం, దానికి ఉండేది ఒక్క శాతం రిజర్వేషన్. కులం మారదు, పక్కింట్లో గ్లాసు మారదు, కాగితం మాత్రం మారుతుంది. అమ్మ ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాసింది. సీటు రాలేదు. అబద్ధం రాసి తెచ్చుకున్న చదువు నీకెందుకే అంది. నాకు కావాలి అన్నాను. నేను మామూలు డిగ్రీ చదివి, ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాను. పండగలకు వచ్చేదాన్ని, మాట్లాడేదాన్ని, కానీ పైపైనే. ఇప్పటికీ ఆ విషయంలో అమ్మ సరిగ్గా చేసిందని నేను అనుకోవడం లేదు. పోయిందని ఆ మాట మార్చను.

పచ్చ వాయిల్ నా ఎనిమిదో తరగతి పరికిణీ. తెల్ల చుక్కలు. సంక్రాంతికి కోటి సారు అంగట్లో, అదే ఆ మూల గుడ్డల అంగట్లో, నేను ఏడ్చి కొనిపించుకున్నాను. ఆ చెవి మా ఇంటిదే. నాలుగో వరస చివరి మేకు కదా? నేను వెళ్లిపోయిన ఏడు అక్కడ తగిలించింది. ఎప్పుడొచ్చినా అమ్మ ఇంట్లోనే ఉండేది కాబట్టి నేను దాన్ని ముట్టుకోలేదు. ఓనరుగారు అడుగుతున్న రెండో చెవి అదే. ఇచ్చెయ్యండి. గుడ్డ మాత్రం విప్పి ఉంచండి, శనివారం వస్తున్నాను.

హంద్రీగట్టు | మంగళవారం, రాత్రి 9:40

అక్కా, నాలుగో వరస చివరి మేకే. ఇప్పుడే పోయి తలుపుకు పెట్టి చూశా, తిరిగింది. నాలుగు రోజులుగా అదే చెక్క ముందు నిలబడి అదే చెవి కోసం ఇల్లంతా వెతికాం. గుడ్డ విప్పి అమ్మకిచ్చాను. ముడి గట్టిగా ఉంది, కత్తెర పెట్టలేదు, పిన్నీసుతో విప్పింది.

కువైట్ భాయ్ | మంగళవారం, రాత్రి 10:02

అక్కా, శనివారం మా తమ్ముడి ఇంట్లో భోజనం. కాదనొద్దు.

రాయలసీమ రుచులు | మంగళవారం, రాత్రి 10:15

ఆ చెక్క ఏం చేస్తారు?

హంద్రీగట్టు | బుధవారం, ఉదయం 8:20

అక్క వచ్చి ఏం చెప్తే అది. అప్పటిదాకా మా వంటింట్లో గోడకు ఆనించి పెట్టాం. ఇనుప చెవి దానికే ఉంది. నిన్న పొద్దున పై పోర్షన్ వాళ్లు నంద్యాల పోతూ అలవాటుగా అవ్వ తలుపు దాకా పోయి, గుర్తొచ్చి వెనక్కి వచ్చి మా అమ్మ చేతిలో పెట్టిపోయారు. అమ్మకు టెన్షన్, రాత్రి రెండుసార్లు లేచి చూసుకుంది.

సెకండ్ షో అన్నా, మీదొక్కటే మిగిలింది. ఎప్పుడొస్తారు?

సెకండ్ షో | బుధవారం, ఉదయం 8:33

అమ్మ ఇంట్లోనే ఉంటుంది, ఆమె చేతికే ఇవ్వు తమ్ముడూ. దారిలో నేను కనపడి అడిగినా నాకివ్వొద్దు.